రాయితీ ఒప్పందాన్ని మా ముందు చదవండి

గౌరవనీయులైన పరిశ్రమలు, ఐటీ శాఖల మంత్రి శ్రీ దుద్దిళ్ల శ్రీధర్ బాబు గారికి,

కొత్త పరిశ్రమలకు రాయితీలిచ్చే శాఖ మీదే. నిజాం షుగర్స్‌ను తెరిపించడానికి 2024 జనవరిలో వేసిన కమిటీకి చైర్మన్ కూడా మీరే. అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను.

సర్కారు ఏదైనా రాయితీ ప్రకటిస్తే బోధన్‌లో ముందుగా వినిపించే ప్రశ్న, "ఎవరికి?" అని. ఆ అనుమానం ఊరికే పుట్టలేదు. 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న నిజాం షుగర్స్ చక్కెర ఫ్యాక్టరీ మాది. నిజాంసాగర్ నీళ్లతో పండిన చెరకు, శక్కర్‌నగర్ కార్మికుల చెమట దాన్ని నడిపించాయి. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు కంపెనీకి పోయింది. శాసనసభా సంఘం ఆ అమ్మకాన్ని తప్పుబట్టినా అది రద్దు కాలేదు. తెలంగాణ వస్తే ఫ్యాక్టరీ మళ్లీ మనదవుతుందన్నారు. 2015 డిసెంబరులో లే ఆఫ్ వచ్చింది, 2019లో లిక్విడేషన్ ఉత్తర్వు వచ్చింది. ఒక ప్రభుత్వం అమ్మింది, ఒకటి చూస్తూ ఊరుకుంది, ఇంకొకటి మాటిచ్చి నిలుపుకోలేదు. నష్టం మాత్రం ప్రతిసారీ రైతుకూ కార్మికుడికీ జరిగింది.

టెక్నాలజీ మీద మాకు పగ లేదు. 2023 ఆగస్టులో నిజామాబాద్‌లో ఐటీ హబ్ తెరిచినప్పుడు, పిల్లలు హైదరాబాద్ బస్సెక్కే పని తప్పుతుందని ఆశపడ్డవాళ్లం. కానీ టీఎస్ ఐపాస్ అనే పరిశ్రమల అనుమతుల చట్టం కింద మెగా ప్రాజెక్టుకు 15 రోజుల్లో అనుమతులు ఇవ్వాలి. మా కార్మికులు పదేళ్లుగా బకాయిల కోసం తిరుగుతున్నారు. డ్రిప్ పైపులకు సబ్సిడీ కావాలంటే రైతు పాస్‌బుక్ చూపాలి, అధికారి వచ్చి పొలం చూడాలి. కౌలుదారుకు పాస్‌బుక్కే ఉండదు కనుక ఆ సబ్సిడీ అతని దాకా రాదు. ఎకరం రైతును ఇంతగా పరీక్షించే ప్రభుత్వం కోట్ల రాయితీ తీసుకున్న కంపెనీని కూడా అలాగే పరీక్షించాలి. చెప్పినన్ని ఉద్యోగాలు ఇచ్చిందా లేదా అన్నది జిల్లా ప్రజలకు లెక్క చూపాలి. న్యాయం అంటే మాకు తెలిసింది ఇదే.

ఇప్పుడు ఫ్యాక్టరీ తెరిస్తే దానితోపాటు ఇథనాల్ మాట కూడా వస్తుంది. ఇథనాల్ ప్లాంట్ల కోసం తీసుకున్న బ్యాంకు అప్పు మీద ఏటా 6 శాతం వడ్డీ, లేదా బ్యాంకు వడ్డీలో సగం, ఏది తక్కువైతే అది ఐదేళ్లపాటు భరించే పథకాన్ని కేంద్రం 2018లో తెచ్చింది. పెట్టుబడిదారుడికి అంత భరోసా ఉన్నప్పుడు చెరకు వేసిన వాడికేమిటి? 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ కట్టాలి. ఈ నిబంధన కాగితం మీదే మిగిలిపోవడం చూసిన రైతులు మా దగ్గర చాలామంది ఉన్నారు. ఏ రాయితీ అయినా సరే, ఆ సీజన్ చెరకు బిల్లులు చెల్లించినట్టు రుజువు చూపాకే విడుదల చేయండి. కంపెనీ మధ్యలో వెళ్లిపోతే తీసుకున్నదంతా వడ్డీతో తిరిగి కట్టాలని ఒప్పందంలో రాయించండి. భూమి మాత్రం ప్రజల పేరునే ఉండాలి.

ముందు చెరకు వేయండి, ఫ్యాక్టరీ వస్తుందని అంటున్నారు. చెరకు ఏడాది పాటు పొలాన్ని పట్టేసుకునే పంట. కోత సమయానికి మిల్లు నడవకపోతే వరిలాగా కొనుగోలు కేంద్రంలో పోసుకోలేం, ఎండిపోతున్న గడలను దూరపు మిల్లులకు లారీల్లో పంపాలి, కిరాయి మా నెత్తిన పడుతుంది. కాబట్టి ఈ నష్టభయంలో ముందడుగు ప్రభుత్వమే వేయాలి. మొదటి రెండు సీజన్లకు కొనుగోలు హామీ రాతపూర్వకంగా ఇవ్వండి.

2024లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీ మీద జనం ఎందుకు రోడ్డెక్కారో మీకు తెలుసు. తమను అడగకుండా తమ ఊళ్లో నిర్ణయం జరిగిందన్న బాధ అది. బోధన్‌లో ఆ పరిస్థితి రానివ్వకండి. ఏ కంపెనీతో మాట్లాడుతున్నా సంతకానికి ముందే ఆ ఒప్పందాన్ని తెలుగులో అచ్చు వేయించి, చెరకు పండే ప్రతి ఊరి గ్రామసభలో చదివించండి. కార్మిక సంఘాలకూ ఒక ప్రతి ఇవ్వండి. అభ్యంతరాలు చెప్పడానికి నెల రోజుల గడువు చాలు.

ఇట్లు,
బోధన్ ప్రాంత చెరకు రైతు