దారి బాగు



మీలో వేదాద్రి చూసినవాళ్ళు ఎందరు? జగ్గయ్యపేట ప్రాంతంలో, కృష్ణ ఒడ్డున వున్నది. కింద ఏటి పక్కన యోగానంద నరసింహస్వామి, పైన కొండ మీద జ్వాలా నరసింహస్వామి.

నేను బడిపంతులుగా వున్న రోజుల్లో, ముప్ఫై ఏళ్ళ కిందట, ఆ చుట్టుపక్కల ఒక గుట్ట మీదికి నలభై మంది పిల్లలను తీసుకుపోయాను. పశువుల కాపర్ల బాట ఒకటి మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. దిగేటప్పటికి అన్నం వేళయింది. "ఇటు నిటారుగా దిగుదాం రండి!" అని నేనే ముందు నడిచాను. నా వెనక ఎనభై కాళ్ళు. గడ్డి అణిగింది, మట్టి లేచింది. మాకు పది నిమిషాలు కలిసివచ్చింది.

మరుసటి ఏడు వానలు వెలిశాక వెళ్ళి చూద్దును గదా, మేము దిగినచోట మోకాటి లోతు గండి! అది అసలు బాటను కూడా తెగకోసింది. ఒక ముసలమ్మ కట్టెలమోపుతో ఆ గండి దాటలేక నిలబడి వున్నది.

"ఎవరు నాయనా, బాట ఇట్లా చేసింది?" అని నన్నే అడిగింది.

చెయ్యి పట్టుకుని దాటించాను గాని, జవాబు చెప్పలేదు.

కాళ్ళు కొండను కోస్తాయా? కోసింది నీరు. గడ్డివేళ్ళు మట్టిని పట్టి వుంచుతాయి. అవి పోతే వాననీరు నిటారుగా పరుగెత్తుతుంది. నీటి వేగం రెండింతలైతే అది దొర్లించగల రాయి బరువు, లెక్కప్రకారం, 64 రెట్లవుతుంది! మెలికల బాట మన ఆయాసాన్నే కాదు, నీటి వేగాన్నీ తగ్గిస్తుంది.

ఆ ఆదివారమే పిల్లలతో పలుగూ పారా మోయించుకుని వెళ్ళాను. గండిని రాళ్ళతో పూడ్చబోతుంటే ఒక రైతుబిడ్డ, "నీటిని ఆపితే ఆగదండీ, మళ్ళించాలి," అన్నాడు. పొలంలో మడవ మార్చటం వాడికి తెలుసు, నాకు తెలియదు. వాడు చెప్పినట్టే బాటకు అడ్డంగా, కాస్త ఏటవాలుగా రాళ్ళు పాతాం. వచ్చిన నీరు రాళ్ళకు తగిలి పక్క పొదల్లోకి పోతుంది. అడ్డదారికి తుమ్మకంప కొట్టాం.

అయితే రాళ్ళ వెనక ఒండ్రు పేరుకుంటే నీరు మళ్ళీ పైనుంచి దూకుతుంది. కనక ఏటా ఎవరో ఒకరు వెళ్ళి ఒండ్రు తీయాలి. అమెరికాలో అపలాచియన్ కాలిబాట అని, 14 రాష్ట్రాల మీదుగా సుమారు 3,500 కిలోమీటర్ల బాట వున్నది. 1921లో బెంటన్ మెకాయ్ అనే ఆయన దాన్ని తలపెట్టాడు. 1937కు పూర్తయింది. నడిచేవాళ్ళ సంఘాలు తలా కొంత పంచుకుని, జీతం లేకుండా దాన్ని కాపాడుతున్నాయి. ఒండ్రు తీస్తారు, పడిన చెట్లు తొలగిస్తారు, దారి తప్పకుండా చెట్లకు తెల్లరంగు గుర్తులు వేస్తారు. మన నాగలాపురం కొండల్లో కూడా, 2008లో పుట్టిన చెన్నై ట్రెక్కింగ్ క్లబ్ వాళ్ళు ఇతరులు పారేసిన చెత్త ఏరి కిందికి మోసుకొచ్చారు.

మా బడిలో ఆ పని ఏటా తొమ్మిదో తరగతికి వచ్చింది. బడి తెరవగానే, పెద్దవానలకు ముందే వెళ్ళేవాళ్ళం. రెండో ఏట ముసలమ్మ మళ్ళీ ఎదురైంది.

"ఎవరు నాయనా, బాట బాగుచేసింది?" అన్నది.

పిల్లల్ని చూపించాను. పాడుచేసిందెవరో కూడా అప్పుడే చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, నవ్వి, తన కట్టెలమోపు నా నెత్తికెత్తింది.