బండికి బీమా ఉంది, బస్తాలకు ఏదీ?

పత్తి, మిర్చి యార్డులకు కదిలే రోజుల్లో రైతులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ‘‘ట్రాక్టర్‌కు ఫుల్ ఇన్సూరెన్స్ కట్టాం. ట్రాలీలోని బస్తాలు దొంగలపాలైతే కంపెనీ ఇస్తుందా?’’ ఇవ్వదు. ఈ సంగతి పాలసీ అమ్మేటప్పుడే చెప్పాలన్నది మా వాదన.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. అది మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికే. మన బండే చోరీ అయినా దాని కింద పైసా రాదు. ఫుల్ ఇన్సూరెన్స్ అని మనం పిలుచుకునే ప్యాకేజీ పాలసీ బండి పోతే పరిహారం ఇస్తుంది. బండిలో ఉన్న సెల్‌ఫోను, నగదు, విత్తనాల సంచులు, పంట దాని లెక్కలోకి రావు. ట్రాలీని పాలసీలో రాయించి ప్రీమియం కట్టకపోతే దానికీ దిక్కులేదు. బండిని వదిలేసి టైర్లు, లైట్లు మాత్రం ఎత్తుకుపోతే చాలా ట్రాక్టర్ పాలసీలు ఆ నష్టాన్ని కూడా మినహాయిస్తాయి.

పట్నంలో కారులోంచి బ్యాగు పోయినా నియమం ఇదే. కానీ రైతు ట్రాలీలో ఉండేది ఏడాది కష్టం, తీర్చాల్సిన అప్పు. పంట బీమాను అడిగితే అది పొలంలో జరిగిన నష్టానికే అంటుంది. వాహన బీమా సరుకు మాది కాదంటుంది. కళ్లం నుంచి కాటా దాకా మన పంటకు పూచీ పడేవాడే లేడు. వ్యాపారులు తమ లోడుకు ట్రాన్సిట్ బీమా విడిగా తీసుకుంటారు. ఒకటి రెండు ట్రాలీల సరుకున్న చిన్న రైతుకు అలాంటిది ఉందని చెప్పేవారు కూడా లేరు.

దొంగతనం జరిగితే వెంటనే పోలీసులకు ఫిర్యాదు చేయండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా పొందడం మీ హక్కు. కంపెనీకీ ఆలస్యం లేకుండా రాతపూర్వకంగా తెలపండి. ఎఫ్‌ఐఆర్ వెంటనే నమోదై ఉంటే, కంపెనీకి చెప్పడంలో ఆలస్యమైందన్న ఒక్క సాకుతో నిజమైన క్లెయిమును తోసిపుచ్చరాదని 2020 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది కూడా ఒక ట్రాక్టర్ చోరీ కేసే. కంపెనీ అన్యాయంగా కాదంటే బీమా అంబుడ్స్‌మన్‌ను గానీ, వినియోగదారుల కమిషన్‌ను గానీ ఆశ్రయించవచ్చు. అంబుడ్స్‌మన్ దగ్గర ఫీజు లేదు.

అయితే పాలసీలోనే లేని రక్షణను ఏ కోర్టూ ఇప్పించలేదు. అందుకే మేము మూడు డిమాండ్లు పెడుతున్నాం. ఏవి వర్తిస్తాయో, ఏవి వర్తించవో ఒక్క పేజీలో తెలుగులో రాసి పాలసీతో పాటు ఇవ్వాలి. ట్రాలీని, పనిముట్లను పాలసీలో చేర్చాలో వద్దో రైతును అడిగి రాయాలి. మన పంట క్రయవిక్రయాల మీద సెస్సు వసూలు చేసే మార్కెట్ కమిటీలు, యార్డుకు వచ్చే సరుకుకు సామూహిక ట్రాన్సిట్ బీమా చేయించాలి. బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. మన మాట అక్కడికి చేరడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. ఈ సీజన్ ముగిసేలోపు గ్రామ కమిటీలన్నీ తీర్మానాలు చేసి పంపాలని కోరుతున్నాం.