మీటల లెక్క



"మాస్టారూ, మెకానికల్ కీబోర్డు కొంటే టైపు తొందరగా వస్తుందా? నాన్న దండగంటున్నాడు" అని మా బోనకల్‌లో ఏడో తరగతి చదివే అబ్బాయి ఒకడు అడిగాడు. ఈ తగువు లెక్కతో తీరుద్దాం.

మామూలు కీబోర్డులో మీటల కింద రబ్బరు బుడిపెలుంటాయి. వాటి కింద రెండు పలచని ప్లాస్టిక్ పొరలు, వాటిమీద విద్యుత్తు పారే గీతలు. మీట నొక్కితే బుడిపె అణిగి, పై పొర కింది పొరకు తగులుతుంది. అక్షరం పడుతుంది. వాడగా వాడగా రబ్బరు బిగువు సడలుతుంది.

మెకానికల్ కీబోర్డులో ప్రతి మీటకూ వేరే స్విచ్చి, అందులో ఒక స్ప్రింగు ఉంటాయి. చాలావాటిలో మీట 4 మిల్లీమీటర్లు దిగుతుంది. సగం దిగేసరికే అక్షరం పడుతుంది. కొన్ని టిక్కుమని చప్పుడు చేస్తాయి కూడా. వెల మాత్రం మామూలుదానికి కొన్ని రెట్లు.

రబ్బరు మీట సుమారు 50 లక్షల నొక్కులకూ, మెకానికల్ మీట 5 కోట్లకూ ఆగుతాయని తయారీదారులు సాధారణంగా చెప్పే మాట.

ఇక తెలుగు సంగతి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికి ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ఆరు నొక్కులు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం. ఆరింట రెండు పొల్లువే! పాపం, ఆ మీటకు పని ఎక్కువ. పది నొక్కుల్లో ఒకటి దానిదే అనుకుందాం.

మీరు రోజుకొక గంట, నిమిషానికి 100 నొక్కుల చొప్పున కొడితే మొత్తం 6,000. అందులో పొల్లుకు 600. ఏడాదికి 2,19,000. అంటే రబ్బరు మీటే ఇరవై రెండేళ్లు దాటి వస్తుంది!

అదే డి.టి.పి. పనివారు నిమిషానికి 200 చొప్పున రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి 300 రోజులు కొడితే పొల్లుకు 28,80,000 నొక్కులు. రబ్బరు మీట రెండేళ్లయినా నిలవదు. మెకానికల్ మీట పదిహేడేళ్లు వస్తుంది. వారికి ఆ ఖర్చు దండగ కాదు.

మరి వేగం? అది మీటలో లేదు, వేళ్లలో ఉంది. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఖాయంచేసిన ఇన్‌స్క్రిప్ట్ వరుస రెండు కీబోర్డులమీదా ఒకటే: అచ్చులు ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి. మీటలు చూడకుండా పది వేళ్లతో రోజూ సాధన చెయ్యండి.

అబ్బాయీ, ప్రస్తుతానికి మీ నాన్నగారి మాటే నెగ్గింది. టైపే నీకు జీవనోపాధి అయిననాడు నీ మాట నెగ్గుతుంది.

ఇంట్లో పాడైన కీబోర్డు ఉంటే, పెద్దవాళ్లనడిగి, తీగ ఊడదీసి, మరలు విప్పి చూడండి. ఆ రబ్బరు బుడిపెలు మీకే కనబడతాయి.