ముందొచ్చినవారి రుణం

పిల్లల దగ్గరికి హ్యూస్టన్ వెళ్లొచ్చిన పెద్దవాళ్లు మొదట పియర్‌ల్యాండ్ మీనాక్షి గుడి మాటే ఎత్తుతారు. ఆ ఊరి హిల్‌క్రాఫ్ట్ పేటలో కరివేపాకు మొదలు కంచిపట్టు చీర దాకా దొరకనిది లేదంటారు. ఆ పేటకు 2010లో మహాత్మాగాంధీ పేరు కూడా పెట్టారు. 'అంతా మనవాళ్ల కష్టం' అని ముక్తాయిస్తారు. కష్టం నిజమే. కానీ కష్టపడాలన్నా ముందు గడప దాటనివ్వాలి కదా!

1965కు ముందు భారతీయులకు అమెరికా ఇచ్చిన కోటా ఏడాదికి 100 మంది. పుట్టిన దేశాన్ని బట్టి మనుషుల్ని తూచే ఆ పద్ధతికి ఆ ఏడాది అక్టోబరులో ప్రెసిడెంట్ లిండన్ జాన్సన్ సంతకంతో తెరపడింది. ఆయన హ్యూస్టన్ ఉన్న టెక్సస్ మనిషే, ఒకప్పుడు ఆ ఊళ్లోనే బడిపంతులు. అంతకు రెండు నెలల ముందే నల్లవారి ఓటుహక్కు చట్టం వచ్చింది. ఇంట్లో వివక్ష తప్పని ఒప్పుకున్నాక వాకిట్లో దాన్ని సమర్థించుకోవడం కుదరలేదు. ఆ ఒప్పుకోలు ఊరికే రాలేదు. నల్లవారు లాఠీదెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి సాధించారు. మన వీసాల వెనక ఆ దెబ్బలున్నాయి.

ఆ పోరాటం మేలు చేసింది మనకే కాదు. 1975లో దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ కమ్యూనిస్టుల చేతికి చిక్కాక వేలాదిమంది వియత్నామీయులు హ్యూస్టన్ చేరారు. కొందరు గల్ఫ్ తీరంలో రొయ్యల వేటకు దిగితే తెల్లజాతి దురహంకార కూక్లక్స్ క్లాన్ ముఠా తుపాకులు పట్టుకుని పడవలో తిరుగుతూ బెదిరించింది. 1981లో హ్యూస్టన్ ఫెడరల్ కోర్టు ఆ ముఠాకు అడ్డుకట్ట వేసింది. ఉత్తర్వు ఇచ్చిన జడ్జి గాబ్రియెల్ మెక్‌డొనాల్డ్ నల్లజాతి మహిళ. ఇవాళ అదే ఊళ్లో, పొరుగు రాష్ట్రం లూసియానావాళ్లు ప్రాణం పెట్టే, రొయ్యలాంటి క్రాఫిష్‌ను వియత్నామీ వంటవాళ్లు వెన్న, వెల్లుల్లి దట్టించి పళ్లెం నిండా కుమ్మరిస్తారు. వేళ్లు ఎర్రబడేదాకా ఒలుచుకు తినాల్సిందే. మెక్సికో విప్లవం నుంచి పారిపోయి వచ్చినవారు, 2005 కత్రినా తుపానుకు ఇళ్లు పోగొట్టుకున్నవారు కూడా ఈ ఊరి జనాభాలో కలిశారు.

ఇలా ఎందరో ఇష్టంగానో, గత్యంతరం లేకో వచ్చారు. తొలినాళ్ల నల్లవారిని మాత్రం బానిసలుగా పట్టి తెచ్చారు. విముక్తి వార్త పక్కనే ఉన్న గాల్వెస్టన్‌లో చదివి వినిపించింది 1865 జూన్ 19న. అప్పటికే లింకన్ ప్రకటన వెలువడి రెండున్నరేళ్లు. ఆ రోజును పండుగ చేసుకోవడానికి 1872లో నిన్నటి బానిసలు చందాలు వేసుకుని హ్యూస్టన్‌లో 10 ఎకరాలు కొన్నారు. అదే థర్డ్ వార్డ్ పేటలోని ఎమాన్సిపేషన్ (విముక్తి) పార్క్. హ్యూస్టన్‌లోని తెలుగు తల్లిదండ్రులు ఒక్క ఆదివారం పిల్లల్ని ఆ పార్కుకు తీసుకెళ్లి, అది ఎవరు కొన్నారో, ఎందుకు కొన్నారో చెప్పాలి.