హెచ్‌పీవీ టీకా ఒక్క డోసు చాలు.. మరి ఖమ్మం నేర్పిన పాఠం సంగతేంటి?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు వేసే హెచ్‌పీవీ టీకా మొదట్లో మూడు డోసులు వేయాలన్నారు. ఆ తర్వాత చిన్న వయసు పిల్లలకు రెండు చాలన్నారు. 2022 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసుతో సరిపెట్టుకోవచ్చని ప్రకటించింది. ఈ మాటకు ఆధారంగా నిలిచిన కీలక అధ్యయనాల్లో ఒకటి మన దేశంలోనే జరిగింది. విచిత్రం ఏంటంటే, ఆ పరిశోధన ఒక్క డోసును పరీక్షించడానికి మొదలైంది కానే కాదు. మధ్యలో ఆగిపోవడం వల్లే ఆ ఫలితం బయటికొచ్చింది. అది ఆగిపోవడానికి దారితీసింది మాత్రం ఖమ్మం జిల్లాలో రేగిన దుమారం.

ఖమ్మంలో అసలేం జరిగింది?

2009లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం, గుజరాత్‌లోని వడోదరలో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకా వేయడం మొదలుపెట్టారు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి చేపట్టిన ప్రాజెక్టు ఇది. ఒక్క ఖమ్మంలోనే సుమారు 14 వేల మంది బాలికలకు వేశారు. వీళ్లలో భద్రాచలం ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్లలో ఉండి చదువుకునే గిరిజన పిల్లలు చాలామంది ఉన్నారు.

రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారన్న వార్తలతో మహిళా సంఘాలు, ప్రజాసంఘాలు రోడ్డెక్కాయి. 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది. ఈ మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్టు కనిపించలేదని విచారణ కమిటీ తేల్చింది. పాముకాటు, నీళ్లలో మునిగిపోవడం, పురుగుమందు, మలేరియా లాంటి కారణాలు అందులో నమోదయ్యాయి.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదిక ఇంకో కోణాన్ని బయటపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లే సంతకాలు చేశారు. అంటే తమ బిడ్డకు ఏ టీకా వేస్తున్నారో, ఎందుకు వేస్తున్నారో చాలామంది తల్లిదండ్రులకు ఎవరూ చెప్పనే లేదు. అసలు తప్పు టీకాలో కంటే, వేసిన తీరులో ఉంది.

ఆగిన చోటే దొరికిన జవాబు

అదే సమయంలో దేశంలోని మరికొన్ని చోట్ల వేరే అధ్యయనం నడుస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ దీన్ని 2009 సెప్టెంబర్‌లో మొదలుపెట్టింది. 20 వేల మంది అమ్మాయిలను తీసుకుని, మూడు డోసులకు రెండు డోసులు సాటి వస్తాయా అని చూడటం దీని ఉద్దేశం. ఖమ్మం, వడోదర ప్రాజెక్టుతో దీనికి సంబంధం లేదు. అయినా 2010 ఏప్రిల్ ఆదేశాలతో దీనిలోనూ టీకాలు ఆగిపోయాయి. అప్పటికి 17,729 మందికి కనీసం ఒక డోసు పడింది. దాదాపు 5 వేల మందికి ఆ ఒక్కటే మిగిలింది.

పరిశోధకులు మాత్రం వాళ్లను వదిలేయలేదు. ఏళ్ల తరబడి ఫాలో అప్ చేశారు. 2021లో లాన్సెట్ ఆంకాలజీలో ఫలితాలు వచ్చాయి. ఎక్కువ శాతం కేసులకు కారణమయ్యే 16, 18 రకాల వైరస్ శరీరంలో తిష్ట వేయకుండా ఒక్క డోసు 95.4 శాతం, రెండు డోసులు 93.1 శాతం, మూడు డోసులు 93.3 శాతం అడ్డుకున్నాయి. అంటే ఈ మూడింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

మరి పూర్తిగా నమ్మొచ్చా?

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎవరికి ఒక్క డోసు వేయాలన్నది లాటరీ తీసి నిర్ణయించింది కాదు, పరిస్థితుల వల్ల అలా కుదిరింది. అందుకే దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని నిర్ణయం తీసుకోలేం. ఆ లోటును కెన్యాలో జరిగిన ట్రయల్ తీర్చింది. అక్కడ 15 నుంచి 20 ఏళ్ల వయసున్న 2,275 మందిని ముందే గ్రూపులుగా విభజించి పరీక్షించారు. 18 నెలల తర్వాత ఒక్క డోసు 16, 18 రకాలపై 97.5 శాతం పనిచేసినట్టు తేలింది.

ఇవన్నీ ఇన్‌ఫెక్షన్‌ను కొలిచిన లెక్కలు. క్యాన్సరే తగ్గిందా అంటే ఇంగ్లండ్ వైపు చూడాలి. అక్కడ 12, 13 ఏళ్ల వయసులో టీకా తీసుకున్న వాళ్లలో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో వెల్లడైంది. కాకపోతే అది మూడు డోసుల కాలం నాటి ప్రోగ్రామ్. ఒక్క డోసుతో క్యాన్సర్ ఎంత తగ్గుతుందో లెక్క తేలాలంటే ఈ పిల్లలు పెద్దవాళ్లయ్యే దాకా ఆగాల్సిందే.

మనకెందుకు ముఖ్యం?

2022 అంచనాల ప్రకారం దేశంలో ఏటా సుమారు 1.27 లక్షల మంది మహిళలు ఈ క్యాన్సర్ బారిన పడుతున్నారు. దాదాపు 80 వేల మంది ప్రాణాలు కోల్పోతున్నారు. ముందే కనిపెడదామంటే పరీక్షలే జరగడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ల మహిళల్లో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు 100 మందిలో ఇద్దరు కూడా లేరు.

ఇలాంటి చోట ఒక్క డోసు అన్నది చిన్న విషయం కాదు. టీకాల ఖర్చు తగ్గుతుంది. ఏజెన్సీ ఊళ్లకు, హాస్టళ్లకు ఏఎన్ఎంలు మళ్లీ మళ్లీ తిరగక్కర్లేదు. రెండో డోసు వేసే టైమ్‌కి పిల్ల బడి మానేసి ఉంటే ఎలా అన్న బెంగ ఉండదు. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన దేశీయ టీకా సెర్వావాక్‌కు 2022లో అనుమతి వచ్చింది. 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం చెప్పింది.

తల్లిదండ్రులు ఏం తెలుసుకోవాలి?

ఈ టీకా ముందు జాగ్రత్త కోసమే. ఇప్పటికే సోకిన వైరస్‌ను ఇది తగ్గించదు. అందుకే చిన్న వయసులోనే వేయాలంటున్నారు. సూది వేసిన చోట నొప్పి, కొద్దిగా జ్వరం రావొచ్చు. కొందరు పిల్లలు కళ్లు తిరిగి పడిపోతారు కాబట్టి వేశాక పావుగంట కూర్చోబెట్టాలి. టీకా వేయించుకున్నా 30 ఏళ్లు దాటాక స్క్రీనింగ్ మానకూడదు. ఎందుకంటే అన్ని రకాల వైరస్‌లను ఇది ఆపలేదు.

ఇక ప్రభుత్వాలు చేయాల్సింది కూడా ఉంది. టీకా వేసే ముందే అమ్మానాన్నల్ని బడికి పిలిపించాలి. తెలుగులో, ఏజెన్సీలో అయితే కోయ భాషలో కూడా విడమరిచి చెప్పాలి. వద్దనే హక్కు ఉందని కూడా చెప్పాలి. టీకా తర్వాత పిల్లకు ఏదైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో నంబర్ చేతికివ్వాలి. 2009లో ఈ పనులు చేసి ఉంటే ఖమ్మంలో అంత అనుమానం పుట్టేది కాదు. డోసులు మూడు నుంచి ఒకటికి తగ్గినా, సంతకం తల్లిదండ్రులదే కావాలి, వార్డెన్‌ది కాదు.