వెనక్కి పిలవలేని కూర

పొద్దున్నే వీధిలో ఆకుకూరల కేక వినపడగానే బుట్ట పట్టుకుని గుమ్మంలోకి వస్తాం. ఆ తోటకూర ఏ లంకలో పండిందో, వాడిపోకుండా చల్లిన నీళ్లు ఏ కాలువవో ఎప్పుడైనా అడిగామా?

2011 మే నెలలో జర్మనీలో ఉన్నట్టుండి జనం రక్తవిరేచనాలతో ఆసుపత్రులపాలయ్యారు. మొదట స్పెయిన్ దోసకాయల్ని అనుమానించారు. తీరా చూస్తే, ఆరోగ్యమని మనమంతా తినే మొలకల వల్ల వచ్చిందట! ఈజిప్టు నుంచి వచ్చిన మెంతులతో పాటు ఇ.కోలి అనే బాక్టీరియా వచ్చిందని తేల్చారు. సుమారు నాలుగు వేల మంది జబ్బుపడ్డారు, యాభై మందికి పైగా చనిపోయారు. ఆ మెంతుల్ని యూరప్ అంతటా మార్కెట్ల నుంచి వెనక్కి రప్పించారు.

మన దేశంలోనూ 2017 నుంచి ఇలా సరుకు వెనక్కి రప్పించే నిబంధనలు ఉన్నాయి. కాని పాకెట్ మీద బ్యాచ్ నంబరుంటే గదా వెనక్కి పిలిచేది! అమలాపురంలోనో, రాజోలులోనో విడిగా కొన్న గోంగూర కట్టకు నంబరెక్కడిది? కాబట్టి మన ఇంటికి ఆ అధికారి మీరే.

కూర తరిగాక కాదు, తరగక ముందే కడగండి. వేళ్లు కోసేసి, ఆకు విడదీసి, మూడు నాలుగు నీళ్లు మార్చండి. ఉప్పునీళ్లలో వేస్తే పురుగులు తేలతాయి గాని, కంటికి కనపడని క్రిములు చావవు. వాటిని చంపేది పొయ్యి మంటే. చారు దించాక చల్లే కొత్తిమీర ఇకమీద ఒక్క పొంగు రానిచ్చి దించండి. మొలకల్ని ఎంత కడిగినా లాభం తక్కువ. క్రిమి గింజలోనే ఉండొచ్చు. పసిపిల్లలకి, గర్భిణులకి, పెద్దవాళ్లకి బాగా ఉడికించే పెట్టండి.

ఇక వరదల మాట. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి 25 లక్షల క్యూసెక్కులు దాటింది, మన లంకలు మునిగాయి. అలా మురుగు, పెంట కలిసిన నీళ్లలో మునిగిన ఆకుకూర ఎంత నవనవలాడుతున్నా వండకండి. చేతులారా పెంచుకున్న పాదు పారేయాలంటే ప్రాణం ఉసూరుమంటుంది, నిజమే. అయినా పారేయండి.

విరేచనంలో రక్తం కనపడినా, పిల్లలకి మూత్రం తగ్గినా చిట్కా వైద్యాలతో కాలయాపన చేయకుండా వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కట్ట పోతే మళ్లీ కొనుక్కోవచ్చు గదా!