గోధుమ... కొందరికే పగ!

చపాతీ ఒంటికి మంచిదంటారు. షుగరు వచ్చిందంటే చాలు, రాత్రిపూట అన్నం మానేసి చపాతీకి మారిపోయే ఇళ్లు మన దగ్గర లెక్కలేనన్ని. కానీ కొందరికి ఆ గోధుమే పడదు. గోధుమ, బార్లీ, రై గింజల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. వాళ్ల రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువనుకుంటుంది. ఆ పోరులో దెబ్బతినేది చిన్నపేగు. పేగు లోపలి గోడ మీద ముఖమల్ గుడ్డ నూగులా ఉండే చూషకాలు అరిగిపోతాయి. తిన్నది ఒంటపట్టదు. అదే సీలియాక్ వ్యాధి.

కరువు చెప్పిన నిజం

లండన్ వైద్యుడు శామ్యూల్ గీ 1888లోనే ఈ జబ్బు లక్షణాలను వివరించాడు. దోషి ఎవరో తేలడానికి మాత్రం మరో అరవై ఏళ్లు పట్టింది. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో ఘోరమైన కరువొచ్చింది. రొట్టె దొరకలేదు. ఊరంతా చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు! గోధుమ మీద ముందు నుంచే అనుమానం ఉన్న పిల్లల డాక్టర్ విలెమ్ డికె, 1950లో తన పరిశోధన పత్రంలో ఆ సంగతి రుజువు చేశాడు.

తెల్లవాళ్ల జబ్బేనా?

చాలాకాలం అలాగే అనుకున్నారు. 1999లో వెలువడిన ఒక అధ్యయనం ఆ మాటను తిరగరాసింది. ఆఫ్రికాలోని పశ్చిమ సహారాకు చెందిన సహ్రావీ పిల్లల్లో వందకు దాదాపు ఆరుగురికి ఈ వ్యాధి ఉంది. ఐరోపాలో సాధారణంగా కనిపించేది వందకు ఒకరిలోనే. మరోపక్క జపాన్‌లో ఇది చాలా అరుదు. వ్యాధికి దారితీసే జన్యువుల్లో ముఖ్యమైన ‘డీక్యూ2’ అక్కడివాళ్లలో బహు తక్కువ మరి.

అయితే జన్యువులదే భారమా? కాదంటోంది మన దేశంలో జరిగిన పరిశీలన. హర్యానా, అస్సాం, తమిళనాడుల్లో 23 వేల మందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. హర్యానాలో వెయ్యికి ఎనిమిది, తొమ్మిది మందికి వ్యాధి ఉంది. అస్సాంలో దాదాపు అయిదుగురికి. తమిళనాడులో పదివేలకు ఒక్కరికి! జన్యువులు మాత్రం మూడుచోట్లా ఇంచుమించు సమానమే. వందకు 38, 31, 36 మందిలో కనిపించాయి.

మరి తేడా ఎక్కడ? పళ్లెంలో. హర్యానాలో మనిషి రోజుకు 455 గ్రాముల గోధుమ తింటుంటే తమిళనాడులో తినేది 25 గ్రాములే. లెక్క తేలిపోయిందనుకునేలోపు అస్సాం అడ్డుపడుతుంది. అక్కడా గోధుమ 37 గ్రాములే. వ్యాధి మాత్రం తమిళనాడుకు నలభై రెట్లు! ఫిన్లాండ్‌దీ ఇలాంటి చిక్కే. సరిహద్దుకు అటు రష్యన్ కరేలియాలో ఉన్నవాళ్లవీ దాదాపు అవే జన్యువులు. వాళ్లూ గోధుమ బాగానే తింటారు. అయినా 2008 అధ్యయనం ప్రకారం ఫిన్లాండ్ పిల్లల్లో 107 మందికి ఒకరికి ఉంటే, అటువైపు 496 మందికి ఒకరికే ఉంది. జన్యువులు, గోధుమ కాక చుట్టూ ఉన్న పరిసరాలకూ ఇందులో పాత్ర ఉందన్నమాట.

ముఖం మార్చుకునే జబ్బు

కనిపించే తీరూ అందరిలో ఒకేలా ఉండదు. ఉత్తర ఐరోపాలో కొందరికి మోచేతులు, మోకాళ్ల మీద విపరీతమైన దురద పొక్కులు వస్తాయి. ఆసియా వాళ్లలో ఇవి అరుదు. మన దేశంలో పిల్లలకు ఆగని విరేచనాలు, పొట్ట ఉబ్బరం, ఎత్తు పెరగకపోవడం కనిపిస్తే, పెద్దవాళ్లలో ఒక్కోసారి రక్తహీనత తప్ప మరే లక్షణమూ ఉండదు. ఎముకలు గుల్లబారడం, సంతానం కలగకపోవడం వెనుకా ఇదే ఉండొచ్చు.

చిక్కంతా ఇక్కడే. ఆ పరిశీలనలో తెలుగు నేల లేకపోయినా మనదీ అన్నం తినే ప్రాంతమే. మనకు ఇది అరుదని అనుకోవచ్చు. కానీ అరుదంటే లేదని కాదు. ఐరన్ మాత్రలు నెలల తరబడి మింగినా రక్తం పట్టని బిడ్డను ‘సరిగ్గా తినదు’ అని కసురుతూ కూర్చుంటే, ఎదగాల్సిన వయసు కాస్తా దాటిపోతుంది.

ముందు పరీక్ష... తర్వాతే పథ్యం

అనుమానం ఉంటే డాక్టర్‌ను అడిగి టీటీజీ యాంటీబాడీ రక్తపరీక్ష చేయించాలి. అవసరమైతే ఎండోస్కోపీ చేసి పేగు నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. ఈలోగా గోధుమ మానేయకూడదు. మానేస్తే ఉన్న జబ్బు కూడా పరీక్షలో లేనట్టే కనిపించవచ్చు. వ్యాధి తేలితే తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలూ పరీక్ష చేయించుకోవడం మంచిది.

దీనికి మందు పథ్యమే, అదీ జీవితాంతం. మన వంటింట్లో అదేమంత కష్టం కాదు. అన్నం, ఇడ్లీ, పెసరట్టు, జొన్నరొట్టె, రాగిసంకటి... వీటిలో దేనిలోనూ గ్లూటెన్ ఉండదు. ఉప్మాకు గోధుమరవ్వ బదులు వరినూక వాడితే సరి. సేమియా, మైదా, బార్లీతో చేసే మాల్ట్ పానీయాలు పూర్తిగా మానాలి. ఇంగువ డబ్బా మీద రాసిందీ చదవాలి. చాలా ఇంగువ పొడుల్లో గోధుమపిండి కలుపుతారు. ఆ చిటికెడు చాలు, పేగు మానకుండా చేయడానికి. జబ్బు లేనివాళ్లు ఫ్యాషన్ కోసం ఖరీదైన ‘గ్లూటెన్ లేని’ బిస్కెట్లు కొనాల్సిన పనేమీ లేదు. హాయిగా చపాతీ తినొచ్చు!